ఆత్మకూర్ నుండి హైదరాబాదుకు దారి ఏది?

తెలుగు నేలపై ఆత్మకూరు ఒక్కటి కాదు. నెల్లూరు జిల్లాలో ఒకటి, నల్లమల అంచున పాత కర్నూలు జిల్లాలో మరొకటి, హనుమకొండ దగ్గర ఇంకొకటి ఉన్నాయి. పాత నల్లగొండ జిల్లాలోనైతే రెండు మండలాలకు ఇదే పేరు. గందరగోళం రాకుండా ఒకదానిని ఆత్మకూర్ (ఎం) అనీ, రెండవదానిని ఆత్మకూర్ (ఎస్) అనీ వ్రాస్తారు. ఎం అంటే మోత్కూరు, ఎస్ అంటే సూర్యాపేట. నేను ఈ టపాలో ప్రస్తావించే ఆత్మకూర్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు వనపర్తి జిల్లాలోకి వెళ్ళింది. నిజాం కాలంలో అమరచింత సంస్థానానికి ఇదే ముఖ్యపట్టణం. కృష్ణానది, జూరాల ఆనకట్ట దీనికి దగ్గరలోనే ఉన్నాయి.

ఇన్ని ఆత్మకూర్లు ఉన్న చోట ఉత్తరం సరైన ఊరికి చేరడమే ఒక విద్య. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ పిన్ కోడును ప్రవేశపెట్టాక ఆ చిక్కు చాలావరకు తీరింది. 509తో మొదలైతే పాలమూరు ఆత్మకూర్, 508 అయితే నల్లగొండవి, 518 అయితే కర్నూలుది, 524 అయితే నెల్లూరుది. ఉత్తరాలు వేరుచేసే గుమాస్తాకు ఊరు ఎక్కడుందో తెలియనక్కరలేదు. ముందరి మూడంకెలు చూసి సంచీలో వేస్తే చాలు.

ఇంటర్నెట్టు కూడా ముందరి అంకెలు చూసే సంచీలో వేస్తుంది. అయితే ఒక పెద్ద తేడా ఉంది. పిన్ కోడు అంకెలు ఊరిని చెబుతాయి. ఇంటర్నెట్టు చిరునామాలోని అంకెలు ఊరిని చెప్పవు, ఆ చిరునామా ఏ సంస్థ వలలోనిదో మాత్రమే చెబుతాయి. ఆత్మకూర్‌లో ఒక సంస్థ కనెక్షన్ గల ఇంటి నుండి, గంటసేపటి బస్సు ప్రయాణ దూరంలో ఉన్న వనపర్తిలో మరొక సంస్థ కనెక్షన్ గల ఇంటికి ఒక మాట వెళ్ళాలనుకోండి. ఈ రెండు ఊళ్ళూ ఇరుగుపొరుగన్న సంగతి ఆ మాటను మోసే యంత్రాలకు తెలియదు. ఆ రెండు సంస్థలు ఎక్కడ కలుసుకుంటే అక్కడి దాకా మాట పోయి రావలసిందే. ఆ కలుసుకునే చోటు ఎక్కడన్నదే ఇక్కడ నేను చెప్పదలచిన చరిత్ర.

రెండు టపా శాఖలు

కొత్త విషయాన్ని పాత ఉదాహరణతో మొదలుపెడతాను. నిజాం రాజ్యానికి సొంత తపాలా శాఖ ఉండేది. 1869 నుండి సొంత బిళ్ళలు అచ్చువేసుకుంది. అదే సమయంలో రెసిడెన్సీ, సికింద్రాబాదు వంటి చోట్ల బ్రిటిషు ఇండియా వారి తపాలా కచేరీలు కూడా పనిచేసేవి. అంటే ఒకే నేల మీద రెండు టపా శాఖలు. నిజాం బిళ్ళ రాజ్యం లోపలే చెల్లేది. పొలిమేర దాటే ఉత్తరానికి రెండవ శాఖ వారి బిళ్ళ కావాలి. 1950లో హైదరాబాదు రాష్ట్రపు తపాలా భారత తపాలాలో కలిసిపోవడంతో ఈ ద్వంద్వం ముగిసింది.

రెండు టపా శాఖలు ఉన్నప్పుడు వాటి మధ్య సంచీలు మారే చోటు ఒకటి ఉండి తీరాలి. ఆ చోటు పక్క వీధిలో ఉంటే ఉత్తరం రేపటికి అందుతుంది. బొంబాయిలో ఉంటే వారం పడుతుంది. లండనులో ఉందనుకుంటే నవ్వుతాం. మన దేశపు ఇంటర్నెట్టు తొలి ఎనిమిదేళ్ళు దాదాపు ఆ నవ్వుకునే స్థితిలోనే నడిచింది.

ఇంటర్నెట్టు అనే పేరులోనే ఈ సంగతి ఉంది. అది ఒక వల కాదు, వేల వలల కూడిక. ఒక వల మరొక వలతో రెండు రకాలుగా కలుస్తుంది. మొదటిది ట్రాన్సిట్: చిన్న సంస్థ పెద్ద సంస్థకు డబ్బు కట్టి, ప్రపంచంలోని ఏ మూలకైనా తన సరుకును చేర్చమంటుంది. రెండవది పీరింగ్: రెండు సంస్థలు సాటివారుగా కలిసి, నీ వాడుకరులకు వచ్చేది నీకిస్తాను, నా వాడుకరులకు వచ్చేది నాకివ్వు అని ఒప్పుకుంటాయి. చాలా చోట్ల ఇందులో డబ్బు చేతులు మారదు. ఇలా ఇద్దరిద్దరుగా తీగలు వేసుకుంటూ పోతే పది సంస్థలకు నలభై అయిదు తీగలు కావాలి. అందరూ ఒక గదికి వచ్చి, అక్కడి ఒక స్విచ్చికి తలా ఒక తీగ తగిలిస్తే పది తీగలతో పని తీరుతుంది. ఆ గదే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి. తెలంగాణ వారికి చెప్పాలంటే అది అంగడి. పది ఊళ్ళవాళ్ళు పది ఊళ్ళూ తిరగకుండా వారానికొక రోజు ఒక చోట కలుస్తారు కదా, అదే సూత్రం. ఈ అంగడి మాత్రం రాత్రింబగళ్ళు నడుస్తుంది.

సముద్రం దాటి వచ్చిన పక్కింటి మాట

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టును 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, ప్రారంభించింది. అప్పుడు ఒకే ఒక్క సంస్థ కనుక కలుసుకునే చోటు అనే ప్రశ్నే లేదు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతులు వచ్చాయి. హైదరాబాదులో పుట్టిన సత్యం వారి సత్యం ఇన్ఫోవే (తరువాత సిఫీ) తొలి ప్రైవేటు సంస్థలలో ముందు నిలిచింది. కొద్ది ఏళ్ళలోనే సంస్థలు పదుల సంఖ్యలోకి పెరిగాయి. కానీ అవి ఒకదానితో ఒకటి దేశంలో కలుసుకోలేదు. ప్రతి సంస్థా విదేశీ సంస్థ దగ్గర ట్రాన్సిట్ కొనుక్కుంది. రెండు హైదరాబాదు సంస్థల ఉమ్మడి మిత్రుడు అమెరికాలోనో సింగపూరులోనో ఉన్నప్పుడు, అమీర్‌పేట నుండి అబిడ్స్‌కు పోయే మాట ఆ మిత్రుని గుమ్మం తొక్కి రావలసి వచ్చింది. ఆ దారి పొడవునా రెండు వైపులా విదేశీ బ్యాండ్‌విడ్తుకు డాలర్లలో అద్దె.

దీని వేగపు లెక్క చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరం పోయి రావడానికి పది మిల్లీసెకన్లు. ఆత్మకూర్ నుండి హైదరాబాదు సుమారు 160 కిలోమీటర్లు. తీగ వంకరలన్నీ కలుపుకున్నా రానుపోను రెండు మూడు మిల్లీసెకన్ల పని. అదే అమెరికా పోయి రావడానికి 250 నుండి 300 మిల్లీసెకన్లు పడుతుంది. సంస్థ విదేశీ లంకె ఉపగ్రహం మీదుగా ఉంటే ఇంకా ఎక్కువ. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక ఒక ప్రశ్న ఎక్కి దిగి, దాని జవాబు ఎక్కి దిగేసరికి దాదాపు అర సెకను గడుస్తుంది.

అర సెకను ఏమంత ఎక్కువ అని అడగవచ్చు. ఒక్కసారి పోయి వస్తే ఎక్కువ కాదు. కానీ ఒక పుట తెరుచుకోవడానికి ఒక్క రాకపోక చాలదు. మన తెలుగు టపానే తీసుకుందాం. యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి. ఒత్తుకూ, గుణింతానికీ, పొల్లుకూ విడివిడిగా మూడేసి. 2500 మాటల తెలుగు వ్యాసం 60 కిలోబైట్ల దగ్గరకు వస్తుంది. ముందు పేరును చిరునామాగా మార్చుకోవడానికి ఒక రాకపోక. తరువాత నమస్కార ప్రతినమస్కారాలకు ఒక రాకపోక. ఆపై సరుకు. టీసీపీ అనే పద్ధతి సరుకునంతా ఒక్కసారిగా పంపదు. మొదట కొద్దిగా, అది చేరిందని కబురు వచ్చాక దానికి రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. ఆ రోజుల లెక్కన నాలుగు కిలోబైట్లతో మొదలుపెడితే 4, 8, 16, 32 అని నాలుగు విడతలలో 60 కిలోబైట్లు పూర్తవుతాయి. మొత్తం ఆరు రాకపోకలు. 300 మిల్లీసెకన్ల దారిలో ఇవి 1.8 సెకన్లు. 20 మిల్లీసెకన్ల దారిలో 0.12 సెకన్లు.

పెద్ద దస్త్రాల విషయంలో తేడా మరింత తీవ్రం. పాత కంప్యూటర్లలో కబురు రాకుండా పంపగల సరుకుకు 64 కిలోబైట్ల హద్దు ఉండేది. 300 మిల్లీసెకన్ల దారిలో ఆ హద్దు వల్ల సెకనుకు సుమారు 210 కిలోబైట్లు మించి రావు, తీగ ఎంత వెడల్పుదైనా సరే. అదే దారి 20 మిల్లీసెకన్లయితే సెకనుకు మూడు మెగాబైట్లు దాటుతుంది. అంటే దారి పొడవు తగ్గించడమే వెడల్పు పెంచడమైంది.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. 56 కిలోబిట్ల డయలప్ మోడెము మీద 60 కిలోబైట్ల పుట దిగడానికి ఎలాగూ తొమ్మిది సెకన్లు పట్టేది. వాడుకరి ఇంటి ముందు సందే ఇరుకైనప్పుడు రాజమార్గం ఎంత దగ్గరైనా పెద్ద తేడా తెలియదు. 2004 అక్టోబరు నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండుగా నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఆ సేవను ప్రారంభించింది. ఆ వేగంలో 60 కిలోబైట్లకు పట్టే కాలం రెండు సెకన్లకు దిగింది. అప్పుడు గానీ దూరపు 1.8 సెకన్లు కంటికి కనబడలేదు. ఎక్స్ఛేంజి అవసరం బ్రాడ్‌బ్యాండుతో పాటే పెరగడానికి కారణం ఇదే.

నిక్సీ

ఈ కష్టం మనకొక్కరికే వచ్చింది కాదు. 1994లో బ్రిటనులో అయిదు సంస్థలు కలిసి లండనులో లింక్స్ అనే ఎక్స్ఛేంజిని పెట్టుకున్నాయి. అంతకు ముందు ఒక బ్రిటిషు సంస్థ నుండి మరొక బ్రిటిషు సంస్థకు పోయే సరుకు అట్లాంటిక్ దాటి వచ్చేది. మరుసటి ఏడు, 1995లో, ఫ్రాంక్‌ఫర్టులో డీఈ-సిక్స్ మొదలైంది.

వీటికంటే మనకు దగ్గరి కథ కెన్యాది. అక్కడి చిన్న సంస్థలు కలిసి 2000 నవంబరులో నైరోబీలో ఎక్స్ఛేంజి తెరిచాయి. అంతర్జాతీయ రాకపోకల మీద గుత్తాధిపత్యం గల టెల్కామ్ కెన్యా ఇది తన హక్కుకు భంగమని ఫిర్యాదు చేసింది. నియంత్రణ సంస్థ కొద్ది వారాలలోనే దానిని మూయించింది. వాళ్ళు పోరాడి, అనుమతి సంపాదించి 2002 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు. ఇంటర్నెట్ సొసైటీ 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కెన్యా, నైజీరియాలలో స్థానిక రాకపోకలు 200 నుండి 600 మిల్లీసెకన్ల స్థాయి నుండి 2 నుండి 10 మిల్లీసెకన్లకు దిగాయి. అదే సంస్థ 2020 నాటి అధ్యయనంలో, కెన్యా రాకపోకలలో స్థానికంగా అందేవి 30 శాతం నుండి 70 శాతానికి పెరిగాయని వ్రాసింది. ఒక గదిలో ఒక స్విచ్చి పెట్టడానికి పదిహేను నెలల పోరాటం ఎందుకంటే, ఆ స్విచ్చి ఒక పెద్ద సంస్థ సుంకపు గేటును దాటేసే దారి. సాంకేతికంగా అది చిన్న పని, ఆర్థికంగా మాత్రం ఆస్తి తగాదా.

మన దేశంలో ఇలా మూయించడాలు జరగలేదు. ప్రభుత్వమే పూనుకుంది. ఇంటర్నెట్ సంస్థల సంఘం, కేంద్ర సమాచార సాంకేతిక శాఖల చొరవతో 2003 జూన్ 19న నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైంది. నోయిడా, ముంబయి, చెన్నై, కోల్‌కతాలలో తొలి నాలుగు నోడ్లు వెలిశాయి. తరువాతి దశలో హైదరాబాదు, బెంగళూరు, అహ్మదాబాదులకు కూడా వచ్చాయి. డాట్ ఇన్ పేర్ల నిర్వహణ 2005 నుండి నిక్సీ చేతిలోనే ఉంది.

కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటు. ఆచరణలో మూడు చిక్కులు వచ్చాయి.

మొదటిది, నోడ్లు ఒకదానితో ఒకటి కలపబడలేదు. ఒక్కొక్కటీ ఒక దీవి. సంస్థలు ఏ నోడులో ఆ ప్రాంతపు చిరునామాలను ప్రకటించాలి. నోడ్లను తానే కలిపితే నిక్సీ దూరవాహక సంస్థలకు పోటీదారు అవుతుంది కనుక, ఆ పని ఎక్స్ఛేంజిది కాదన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఫలితం ఏమిటంటే, హైదరాబాదులో నోడు లేనంతకాలం మన ప్రాంతపు సంస్థకు తన సరుకును చెన్నైకో ముంబయికో సొంత ఖర్చుతో మోసుకుపోవడం తప్పలేదు. పెద్ద సంస్థకు అది తేలిక. ఒక జిల్లా వరకు అనుమతి ఉన్న చిన్న సంస్థకు మోయలేని భారం.

రెండవది డబ్బు నియమం. నిక్సీలో అడిగినవాడు చెల్లించాలన్న పద్ధతి పెట్టారు. అంటే సరుకును ఎక్కువ దించుకునే సంస్థ, ఎక్కువ పంపే సంస్థకు తేడా మేరకు రుసుము కట్టాలి. ఉద్దేశం మంచిదే: దేశంలో సైట్లు నిలిపేవారికి ఆదాయం చూపితే సైట్లు దేశానికి వస్తాయని. కానీ ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చే సంస్థ ఎప్పుడూ దించుకునేదే. దానికి ఎక్స్ఛేంజిలో చేరడమంటే ఖర్చు నెత్తిన వేసుకోవడం. అందరూ ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే లండను, ఫ్రాంక్‌ఫర్టు పద్ధతికి ఇది భిన్నం.

మూడవది ప్రవేశ నియమం. తొలి ఏళ్ళలో ఇంటర్నెట్ సేవల అనుమతి ఉన్న సంస్థలకే నిక్సీలో చోటు. సైట్లు నిలిపేవారు నేరుగా చేరలేరు. అంగడికి కొనేవాళ్ళను పిలిచి, అమ్మేవాళ్ళను గేటు బయట నిలబెట్టినట్లయింది. 2007లో ట్రాయ్ ప్రత్యేకంగా నిక్సీ పనితీరును మెరుగుపరచడంపైనే సిఫార్సులు చేయవలసి వచ్చిందంటే ఈ చిక్కులు ఎంత బలంగా ఉండేవో ఊహించవచ్చు.

మన ఇళ్ళు ఎక్కడున్నాయి?

ఇక్కడ తొలినాటి తెలుగు బ్లాగరులు గుర్తుచేసుకోవలసిన సంగతి ఒకటుంది. నిక్సీ వచ్చిన 2003లోనే తెలుగు వికీపీడియా కూడా పుట్టింది. తరువాతి మూడు నాలుగేళ్ళలో యూనికోడులో తెలుగు వ్రాయడం మనకు అలవాటైంది. మన టపాలన్నీ దాదాపు బ్లాగ్‌స్పాట్ వంటి ఉచిత సేవలలో ఉండేవి. వాటి సర్వర్లు అప్పుడు దేశంలో లేవు. పాలమూరు మాట పాలమూరు వాడు వ్రాసి, పాలమూరు వాడే చదివినా, ఆ మాట రెండుసార్లు సముద్రం దాటేది: ఒకసారి వ్రాసేటప్పుడు, ఒకసారి చదివేటప్పుడు. దేశంలో వంద ఎక్స్ఛేంజీలు పెట్టినా ఆ టపా ఒక్క మిల్లీసెకను కూడా దగ్గరయ్యేది కాదు. ఎందుకంటే ఎక్స్ఛేంజి ఇరుగుపొరుగుల మధ్య దారి వేస్తుంది. మన ఇల్లే పరదేశంలో ఉంటే అది ఏమి చేయగలదు?

దీనికి రుజువు 2008 జనవరి 30న దొరికింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు కేబుళ్ళు తెగిపోయాయి. మన దేశం నుండి పడమటి వైపు పోయే బ్యాండ్‌విడ్తులో పెద్ద భాగం ఒక్కసారిగా పోయింది. సరుకును తూర్పు దిక్కున పసిఫిక్ మీదుగా మళ్ళించి సంస్థలు రోజుల తరబడి నెట్టుకొచ్చాయి. అటువంటి వేళ దేశంలోనే ఉండి, దేశంలోనే కలుసుకునే సైట్లకు సముద్రంతో పనిలేదు కనుక ఆ ఆటంకం అంటదు. పరదేశపు సర్వర్ల మీద బ్రతికే మన వంటి వారికి తప్పదు. తెలుగు భాషకు సొంత దారి ఉన్నదా అన్న ప్రశ్న ఆనాడు ఎవరూ వేసినట్లు నాకు గుర్తు లేదు. వేయవలసిన ప్రశ్నే.

ఆ స్థితిని మార్చినవి రెండు పరిణామాలు. ఒకటి, పెద్ద సైట్లు తామే మన దగ్గరకు రావడం. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు తరచుగా అడిగే సరుకు నకళ్ళను నింపిన పెట్టెలను నేరుగా ఇంటర్నెట్ సంస్థల కేంద్రాలలోనే పెట్టడం మొదలుపెట్టాయి. ఆత్మకూర్‌లో ఒకరు చూసిన సినిమా పాటను మరొకరు చూసేటప్పుడు అది అమెరికా నుండి మళ్ళీ రానక్కరలేదు. రెండు, ప్రైవేటు ఎక్స్ఛేంజీలు. 2010ల నడిమి నుండి ముంబయి-ఐఎక్స్ (తరువాత డీఈ-సిక్స్ ఇండియాగా మారింది), ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్ వంటివి వచ్చాయి. అవి సైట్ల వారినీ, సేవల వారినీ ఒకే స్విచ్చి మీదకు రానిచ్చాయి. సరుకు తూకానికి రుసుము లేదు, తగిలించిన పోర్టుకు అద్దె మాత్రమే. ఈ రెండూ హైదరాబాదులో కూడా నెలకొన్నాయి. అంటే ఇవాళ హైదరాబాదులో నిక్సీతో కలిపి అంగళ్ళు ఒకటికి మించే ఉన్నాయి. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ ప్రాంతాన్ని హైదరాబాదులో తెరవడంతో అమ్మేవారి ఇళ్ళు కూడా దగ్గరయ్యాయి.

లెక్క మళ్ళీ వేద్దాం. అమెరికాలో కలిసినప్పుడు 250 నుండి 300 మిల్లీసెకన్లు. ముంబయిలో కలిస్తే, హైదరాబాదు నుండి ఏడు వందల కిలోమీటర్లు పోయి, అంతే దూరం తిరిగి వచ్చి, జవాబు మళ్ళీ అదే దారిన రావాలి కనుక 14 మిల్లీసెకన్లు. హైదరాబాదులోనే కలిస్తే ఒకటి రెండు. మొదటి అడుగుతో వచ్చిన లాభం రెండవ అడుగుతో రాదని ఈ అంకెలే చెబుతున్నాయి. ముంబయి నుండి హైదరాబాదుకు తేవడంలో వాడుకరి కంటికి కనబడే వేగం స్వల్పమే. అసలు లాభం వేరే రెండు చోట్ల ఉంది. ముంబయి దాకా అద్దె తీగ మీద మోసుకుపోయే ఖర్చు తప్పుతుంది కనుక పట్టణాలలోని చిన్న కేబులు సంస్థలు బ్రతకగలుగుతాయి. రోడ్డు తవ్వకంలో ముంబయి తీగ తెగిన రోజున హైదరాబాదు వాడకం హైదరాబాదులో ఆగకుండా నడుస్తుంది.

చివరి 160 కిలోమీటర్లు

హైదరాబాదుకు వచ్చిన అంగడి ఆత్మకూర్‌కు వచ్చినట్లేనా? పాలమూరు వారికి ఈ ప్రశ్న కొత్త కాదు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే ఈ ప్రాంతంలో. అయినా నది పక్క నుండి పోతూ ఉండగానే, పొలాలు ఎండి జనం దేశమంతా తట్టమోసే పనులకు వలస వెళ్ళారు. పాలమూరు లేబర్ అనే మాట అలా పుట్టిందే. జూరాల ఆనకట్టకు 1981లో శంకుస్థాపన జరిగాక కూడా కాలువ తమ ఊరికి ఎప్పుడొస్తుందని ఎదురుచూసిన పల్లెలు ఎన్నో. హైదరాబాదు నుండి బెంగళూరుకు పోయే జాతీయ రహదారి కొత్తకోట మీదుగా పోతుంది. ఆత్మకూర్ ఆ దారికి పక్కన పడిన ఊరు. రహదారికైనా, నదికైనా, తీగకైనా ఒకటే సూత్రం: పక్క నుండి పోవడం వేరు, మన దగ్గర ఆగడం వేరు.

గ్రామాల దాకా తీగ వేయాలన్న సంకల్పం 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కుగా కేంద్ర మంత్రివర్గ ఆమోదం పొందింది. దేశంలోని రెండున్నర లక్షల గ్రామపంచాయతీలు దాని లక్ష్యం. 2015లో దానికే భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన రెండు రాష్ట్రాలు దీనిని రెండు తీర్ల చేశాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేత ప్రారంభింపజేసింది. తెలంగాణ టీ-ఫైబర్ పేరుతో మిషన్ భగీరథ నీటిగొట్టాల కోసం తవ్విన కందకాలలోనే ఫైబరు గొట్టాన్ని కూడా పరిచింది. స్తంభం మీది తీగ త్వరగా వస్తుంది, గాలివానకు త్వరగా పోతుంది. నేలలోది ఆలస్యం, కానీ గట్టిది. టీ-ఫైబర్ ఇళ్ళకు కనెక్షన్లు ఇవ్వడం 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా కొన్ని గ్రామాలలో మొదలైంది.

తీగ ఊరికి వచ్చినా దారి ప్రశ్న మిగిలే ఉంటుంది. ట్రేస్‌రూట్ అనే చిన్న సాధనం మన మాట ఏయే మెట్ల మీదుగా పోతున్నదో చూపిస్తుంది. ఒక సంస్థ కనెక్షన్ మీద ఆత్మకూర్ నుండి హైదరాబాదులోని ఒక సైటుకు నేను దారి చూసినప్పుడు అది ముందు చెన్నైకి పోయి వచ్చింది. మరొక సంస్థ కనెక్షన్ మీద అదే సైటుకు నేరుగా పోయింది. ఊరు అదే, దూరం అదే. తేడా ఆ సంస్థలు ఎక్కడ, ఎవరితో కలుస్తున్నాయన్నదే. పెద్ద సంస్థలు చిన్నవారితో బహిరంగ అంగడిలో కలవడానికి ఇష్టపడవు. తమలో తాము విడిగా తీగలు వేసుకుని, చిన్నవారు తమ దగ్గర ట్రాన్సిట్ కొనుక్కోవాలని కోరుకుంటాయి. స్విచ్చి ఉన్న ఊరిలోనే రెండు సంస్థలు దాని దగ్గర కలవకపోవడం అందువల్లనే. కెన్యా ఆస్తి తగాదాకు ఇది మెత్తని రూపం.

రాజకీయ పటం కూడా ఈ వలలకు పట్టదు. 2014లో రాష్ట్రం రెండైనా, టెలికాం అనుమతుల లెక్కలో రెండూ కలిపి నేటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలే. సముద్రపు కేబుళ్ళ కోసం మనం ముంబయి, చెన్నైల వైపు చూడడం ఇప్పటిదాకా తప్పలేదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో భారీ డేటా కేంద్రంతో పాటు సముద్ర కేబుళ్ళ ద్వారాన్ని కూడా ప్రకటించింది. అది పూర్తయితే తెలుగు తీరానికే ఒక రేవు వస్తుంది. రేవు వచ్చినంత మాత్రాన లోపలి ఊళ్ళకు మేలు దానంతట అది నడిచి రాదు. మచిలీపట్నం ప్రపంచ రేవుగా వెలిగిన కాలంలో పాలమూరు రైతుకు ఒరిగిందేమిటో చరిత్ర చదివినవారికి తెలుసు.

నాకు తోచిన సారాంశం ఇంతే. ఇంటర్నెట్టు వేగం అనగానే మనం సంస్థవారు ప్రకటించే మెగాబిట్లనే అడుగుతాము. అది ఇంటి ముందు సందు వెడల్పు మాత్రమే. అడగవలసిన రెండవ ప్రశ్న: మీరు హైదరాబాదులో మిగతావారితో కలుస్తారా, లేక మా పక్కూరి మాటను ఎక్కడెక్కడో తిప్పి తెస్తారా? మూడవ ప్రశ్న మనల్ని మనం వేసుకోవలసినది: మన భాషలో వ్రాసినవి, మన బడుల పాఠాలు, మన కచేరీల కాగితాలు ఎవరి ఇంట్లో నిలిపి ఉన్నాయి? పంచాయతీలకు తీగ వస్తున్న ఈ రోజులలోనే ఈ ప్రశ్నలు వేయాలి. కాలువ తవ్వకం అయిపోయాక తూము ఎక్కడ పెట్టాలని అడిగితే వినేవారు ఉండరు.